మనం, మేము, మధ్యలో ఒక రికార్డ్ బటన్

రెండేళ్ళ కిందట, జులైలో ఒక సాయంత్రం, అమెరికాలో మినెసోటా రాష్ట్రపు మినియాపొలిస్‌లో ఫ్రాంక్లిన్ ఎవెన్యూ పక్కన ఒక చిన్న హాల్లో నేను ఫోన్ తీసి, రికార్డ్ బటన్ నొక్కి, టేబుల్ మీద బోర్లా పెట్టాను. దొంగతనం అనుకోలేదు. ఎవరూ పట్టించుకోరులే అనుకున్నాను. ఆ రెండిటికీ తేడా ఎంతో ఇప్పుడు నేను గట్టిగా చెప్పలేను.

వారానికోసారి అక్కడ ఒజిబ్వే అనే ఇక్కడి ఆదిమ జాతి భాష నేర్చుకునేవాళ్ళు చేరతారు. ఎవరైనా రావచ్చు, ఫీజు లేదు, తినడానికి ఏదో ఒకటి పట్టుకొస్తే చాలు. మా అమ్మాయి స్కూలు ప్రాజెక్టు పుణ్యమా అని మొదటిసారి వెళ్ళాను. దాని ప్రాజెక్టు ఎప్పుడో అయిపోయింది, నేను మాత్రం వెళ్తూనే ఉన్నాను. ఆ రోజు మనోమిన్‌తో పులిహోర చేసి తీసుకెళ్ళాను. మనోమిన్ అంటే ఇక్కడి చెరువుల్లో, నీళ్ళ మీద, తనంతట తానే పెరిగే గింజ. సూపర్ మార్కెట్లో వైల్డ్ రైస్ అని అమ్ముతారు గానీ అది వరి కాదు, వరికి దూరపు చుట్టం. నల్లగా సూదుల్లా ఉంటుంది, ఉడికితే పొట్ట పగిలి తెల్లగా తేలుతుంది. పులిహోరకి అస్సలు కుదరదు, చింతపండు పట్టదు. అయినా పాపం అందరూ మర్యాదకి తిన్నారు.

ఎదురుగా కూర్చున్న పెద్దావిడకి ఎనభై దాటి ఉంటాయి. అందరూ ఆవిడని నోకో అంటారు, మనం అమ్మమ్మా అన్నట్టు. ఆవిడ మాట్లాడుతూ మాట్లాడుతూ చెయ్యి చాచి నా ఫోన్ తిప్పింది. ఎర్ర చుక్క చూసింది. మళ్ళీ నా వైపు జరిపింది. కోప్పడలేదు. "ఇది ఎవరి కోసం?" అని అడిగింది. "అందరి కోసం. పోకుండా ఉంటుంది కదా" అన్నాను. "పోకుండా" అని నా మాటే తిరిగి అని నవ్వింది, అంతే. నేను రికార్డింగ్ ఆపేసి, సిగ్గుని కప్పిపుచ్చుకోవడానికి, పోనీ నానబోజో (వాళ్ళ పవిత్ర కథల్లో జిత్తులమారి నాయకుడు) కథ ఒకటి చెప్పండి అన్నాను. "మంచు పడ్డాక రా" అంది.

ఇంటికొచ్చేదాకా ఉడుకుమోత్తనమే. నేను సాఫ్ట్‌వేర్‌లో పనిచేస్తాను, బ్యాకప్ లేని సర్వర్ చూస్తేనే నాకు టెన్షన్. ఒక మనిషి తలలో ఉన్నది ఆ మనిషితోనే పోతుందని తెలిసి కూడా వద్దనడం ఏమిటి, పైగా ఎండాకాలం కథ చెప్పకూడదట! అని మా ఆయన దగ్గర చాలాసేపు వాదించాను. ఆయన క్రికెట్ చూసుకుంటూ ఊఁ కొట్టారు.

ఇప్పుడు నా అభిప్రాయం మారింది. పూర్తిగా కాదు. ఎంతవరకు మారింది, ఎక్కడ ఆగింది అన్నదే ఇక్కడ రాయాలనుకుంటున్నాను.

ముందు భాష గురించి. ఒజిబ్వేలు తమని తాము అనిషినాబే అంటారు, భాష అనిషినాబేమొవిన్ లేదా ఒజిబ్వేమొవిన్. మిషిగన్, విస్కాన్సిన్, మినెసోటా, నార్త్ డకోటా, సరిహద్దుకి అవతల ఆంటారియో, మనిటోబా... పెద్ద సరస్సుల చుట్టూతా వాళ్ళ నేల. కెనడా జనాభా లెక్కల్లో ఈ భాష వచ్చిన వాళ్ళు 20 వేలకి పైగానే కనిపిస్తారు. అమెరికా వైపు మాత్రం చిన్నప్పటి నుంచి ఇంట్లో మాట్లాడుతూ పెరిగినవాళ్ళు బాగా తక్కువ, ఎక్కువమంది ముసలివాళ్ళు.

నాకు ఈ భాష మీద మనసు పడింది ఒక్క మాట దగ్గర. నీన్ అంటే నేను. గీన్ అంటే నువ్వు. (నీన్‌కీ మన నేనుకీ చుట్టరికం ఉందని వాట్సాప్‌లో ఎవరైనా మొదలుపెట్టేలోపే చెప్తున్నాను, లేదు, కాకతాళీయం.) ఇక బహువచనం. నీనవింద్ అంటే మేము. గీనవింద్ అంటే మనం. ఇంగ్లీషుకి ఈ తేడా తెలీదు, దానికి 'వుయ్' ఒక్కటే. హిందీకీ 'హమ్' ఒక్కటే. ఆ టేబుల్ చుట్టూ ఉన్నవాళ్ళందరూ ఇంగ్లీషులో పుట్టి పెరిగినవాళ్ళు, ఆ తేడా పట్టుకోడానికి తంటాలు పడుతుంటే నేను మాత్రం గబుక్కున అందుకున్నాను. జీవితంలో ఒక భాషా తరగతిలో నేను ఫస్ట్ రావడం అదే మొదలు, అదే ఆఖరు. ఎందుకంటే క్రియాపదాల దగ్గరకి రాగానే మునిగిపోయాను.

ఇంకా గమ్మత్తు ఏమిటంటే వాళ్ళ 'మనం' పుట్టింది 'నువ్వు' లోంచి. గీన్, గీనవింద్. వాళ్ళ 'మేము' పుట్టింది 'నేను' లోంచి. 'నిన్ను చూస్తున్నాను' అనాలంటే గివాబమిన్. 'నువ్వు నన్ను చూస్తున్నావు' అనాలంటే గివాబమ్. చూసేది ఎవరైనా సరే, మాట మొదట్లో వచ్చేది 'గి', అంటే నువ్వే. మాటలో ఎదుటి మనిషి ఉంటే ముందు పీట ఆ మనిషికే.

మాటలు కట్టుకునే తీరు కూడా మనసుకి పట్టేస్తుంది. రైలు ఇష్కొదెవిదాబాన్, నిప్పుబండి. మనవాళ్ళు పొగ చూసి పొగబండి అన్నారు, వాళ్ళు నిప్పు చూశారు. కాఫీ మకదే మష్కికివాబో, అక్షరాలా నల్ల మందు నీళ్ళు. నామవాచకాలు ప్రాణమున్నవి, లేనివి అని రెండు జాతులు. రాయి, అసిన్, ప్రాణమున్న జాతిలో ఉంటుంది. మిస్కొమిన్ అనే ఎర్రటి రాస్ప్‌బెర్రీ కూడా అంతే, స్ట్రాబెర్రీ మాత్రం కాదు. ఎందుకని అడిగితే పెద్దావిడ భుజాలెగరేసింది.

కథలకీ ఇదే వర్తిస్తుందని తర్వాత తెలిసింది. వాళ్ళకి కథ అన్నదానికి రెండు మాటలున్నాయి. దిబాజిమొవిన్ అంటే జరిగిన సంగతి, కబురు, చరిత్ర. ఆదిజోకాన్ అంటే నానబోజో వంటి వాళ్ళ పవిత్ర కథ. మొదటిది ప్రాణం లేని జాతి, రెండోది ప్రాణమున్న జాతి. ఆదిజోకాన్‌ని నేల మీద మంచు ఉన్నప్పుడే చెప్తారు. దిబాజిమొవిన్ ఎప్పుడైనా, ఎవరితోనైనా చెప్పుకోవచ్చు. నేను జులైలో కూర్చుని అడిగింది మొదటిదో రెండోదో అప్పుడు నాకే తెలీదు. రెండూ నాకు 'కంటెంట్' అంతే.

అయినా నా లోపలి సాఫ్ట్‌వేర్ మనిషి ఊరుకోలేదు. సరే, నియమాలున్నాయి, కానీ భాషే పోతుంటే నియమాలు పట్టుకుని కూర్చుంటామా? ఇది చిన్న ప్రశ్నేం కాదు. ఆ జాతి వాళ్ళలోనే దీని మీద వాదనలున్నాయి. రిజర్వేషన్‌కి, అంటే ఆ జాతికని విడిగా ఉంచిన నేలకి, దూరంగా, నగరాల్లో పుట్టి పెరిగిన పిల్లలు చాలామంది. 1950ల్లో ఫెడరల్ ప్రభుత్వమే ఉద్యోగాలు చూపిస్తామని కుటుంబాలని నగరాలకి తరలించింది. ఫ్రాంక్లిన్ ఎవెన్యూ చుట్టూ వాళ్ళు ఇంతమంది ఉండటానికి అదీ ఒక కారణం, 1968లో ఆదిమ జాతుల హక్కుల కోసం అమెరికన్ ఇండియన్ మూవ్‌మెంట్ పుట్టింది కూడా ఈ ఊళ్ళోనే. అలాంటి పిల్లలకి పక్కన నోకో లేదు. ఫోనే ఉంది. వాళ్ళకి రికార్డింగులు వద్దంటే ఎలా?

దీనికి జవాబు వెతుక్కుంటూ పోతే, ఇదివరకు ఎవరు ఎలా దాచారో తెలుసుకోవాల్సి వచ్చింది, అక్కడ నా ఉత్సాహం చల్లబడింది.

జేన్ జాన్‌స్టన్ స్కూల్‌క్రాఫ్ట్ అనే ఆవిడ ఉంది, 1800లో పుట్టి 1842లో పోయింది. తల్లి ఒజిబ్వే, తండ్రి ఐర్లండ్ నుంచి వచ్చిన వ్యాపారి. ఆవిడ రెండు భాషల్లోనూ కవిత్వం రాసింది. భర్త హెన్రీ స్కూల్‌క్రాఫ్ట్ ప్రభుత్వ ఏజెంటు. ఆవిడ, ఆవిడ పుట్టింటివాళ్ళు చెప్పిన కథలని ఆయన పోగేసి అచ్చు వేసి ఒజిబ్వే కథల నిపుణుడిగా పేరు తెచ్చుకున్నాడు. ఆ కథలు చదివిన లాంగ్‌ఫెలో అనే అమెరికన్ కవి 1855లో ఒక పెద్ద కావ్యం రాశాడు. నానబోజో కథలన్నీ అందులో పోసి, కథానాయకుడికి మాత్రం ఇంకో జాతి వాళ్ళ, ఇరోక్వా వాళ్ళ, పేరు పెట్టాడు, హయావథా అని. నేను రోజూ ఆఫీసుకి వెళ్ళే రోడ్డు పేరు హయావథా ఎవెన్యూ. జేన్ పిల్లలనేమో భర్త దూరంగా తూర్పు రాష్ట్రాల్లో హాస్టలు బడికి పంపాడు. వాళ్ళని అక్కడ దింపి వెనక్కి వస్తూ ఆవిడ రాసుకున్న పాట ఒకటుంది, ఒజిబ్వేలో. కథలు భద్రంగా అచ్చయ్యాయి, పిల్లలు ఇంటి నుంచి వెళ్ళిపోయారు.

తర్వాత ఫ్రాన్సెస్ డెన్స్‌మోర్. ఈవిడ మినెసోటా మనిషే. 1907 నుంచి వైట్ ఎర్త్, లీచ్ లేక్, రెడ్ లేక్ రిజర్వేషన్లు తిరిగి, మైనపు సిలిండర్ల మీద వందల పాటలు రికార్డు చేసింది. 1910లో, 1913లో స్మిత్‌సోనియన్ అనే ప్రభుత్వ మ్యూజియం సంస్థ వాళ్ళ విభాగం వాటిని రెండు సంపుటాలుగా వేసింది. ఆవిడ శ్రమని నేను తక్కువ చెయ్యను, ఆ బరువైన యంత్రం మోసుకుంటూ ఆ చలిలో తిరగడం మాటలు కాదు. కానీ ఆ సంవత్సరాలు చూడండి. సరిగ్గా అప్పుడే ప్రభుత్వ బోర్డింగ్ స్కూళ్ళు జోరు మీద ఉన్నాయి. 1879లో పెన్సిల్వేనియాలోని కార్లైల్ బడిలో మొదలైన పద్ధతి: పిల్లల్ని ఇంటికి దూరంగా తీసుకుపోవడం, జుట్టు కత్తిరించడం, పేరు మార్చడం, ఇంటి భాష మాట్లాడితే శిక్షించడం. ప్రభుత్వం 2022లో సొంతంగా వేసిన లెక్కలోనే అలాంటి బడులు 408 తేలాయి, 2024 నాటికి లెక్క 417కి పెరిగింది, వాటిలో చనిపోయిన పిల్లలు కనీసం 973 మంది. అంటే ఒకే ఖజానా లోంచి ఒక చేత్తో తాతల పాటలు దాచడానికి జీతాలిచ్చారు, ఇంకో చేత్తో మనవలు ఆ పాట పాడకుండా చూడటానికి జీతాలిచ్చారు. పాట మిగిలింది కదా అని సంతోషించమంటే ఎలా? మ్యూజియంలో మిగిలింది. 1979లో లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ ఒక ప్రాజెక్టు పెట్టి, ఆ సిలిండర్లని కాపీ చేసి క్యాసెట్ల మీద జాతుల వాళ్ళకి తిరిగి ఇవ్వడం మొదలుపెట్టేదాకా మనవలకి తాత గొంతు వినే దారి దాదాపు లేదు.

పోకుండా అని నేను అన్నప్పుడు ఆవిడ ఎందుకు నవ్విందో నాకు ఇక్కడ అర్థమైంది.

అలాగని అన్నీ తాళం వేసి పెట్టాలా? ఇక్కడే నేను ఇంకోవైపుకి గట్టిగా మొగ్గుతాను. చరిత్ర విషయంలో దాచడం తప్పు అంటాను, అరిచి చెప్పాలంటాను. మచ్చుకి శాండీ లేక్. మా ఇంటి నుంచి ఉత్తరంగా రెండున్నర గంటల డ్రైవ్, మెక్‌గ్రెగర్ దాటాక హైవే 65 దగ్గర స్మారకం ఉంటుంది. మిక్వెందాగోజివగ్ అని పేరు, 'వాళ్ళు జ్ఞాపకం ఉన్నారు' అని అర్థం. 1850లో ఒప్పందం ప్రకారం ఒజిబ్వేలకి ఏటా ఇవ్వాల్సిన డబ్బు, సరుకు ఎప్పుడూ ఇచ్చే, విస్కాన్సిన్ వైపున్న లా పాయింట్ దగ్గర కాకుండా శాండీ లేక్ దగ్గర ఇస్తామన్నారు. విస్కాన్సిన్ వైపు వాళ్ళని సొంత ఊళ్ళ నుంచి ఇటు లాగి, చలికాలం పట్టుకోగానే వెనక్కి పోలేకుండా చెయ్యాలని ఎత్తు. వేలమంది అక్టోబరు ఆఖరుకి చేరారు. డబ్బు రాలేదు. పాడైన తిండి పెట్టారు. తట్టు, రక్త విరేచనాలు పట్టుకున్నాయి. డిసెంబరు మొదట్లో కొంచెం సరుకు ఇచ్చి పొమ్మన్నారు. అక్కడ కొందరు, గడ్డకట్టిన దారుల్లో నడిచి వెనక్కి వెళ్తూ ఇంకా ఎక్కువమంది, మొత్తం సుమారు 400 మంది పోయారు. ఈ ఎత్తు వేసినవాళ్ళలో ఒకడు ఇంకా రాష్ట్రం కాని అప్పటి మినెసోటా టెరిటరీ గవర్నరు అలెగ్జాండర్ రామ్సీ. మా ఇల్లు ఉన్నది రామ్సీ కౌంటీలో. ఏటా ఇంటి పన్ను కట్టేది ఆయన పేరున్న కౌంటీకే. ఇక్కడికి వచ్చిన పదకొండేళ్ళలో ఎనిమిదేళ్ళ దాకా నాకీ సంగతి తెలీదు, నాతో పాటు ఇక్కడ ఉగాదికి పచ్చడి పంచుకునే రెండు వందల కుటుంబాల్లో తెలిసినవాళ్ళు ఎవరైనా ఉంటే సంతోషం.

ఆ తర్వాత 1852లో బఫెలో అనే పెద్ద నాయకుడు, వయసు తొంభై దాటింది, బర్చ్ చెట్టు బెరడుతో చేసిన పడవలో లా పాయింట్ నుంచి బయల్దేరి వాషింగ్టన్ దాకా వెళ్ళి ప్రెసిడెంట్ ఫిల్‌మోర్‌ని కలిసి ఆ తరలింపు ఆజ్ఞ ఆపించుకున్నాడు. 1854 ఒప్పందంలో వాళ్ళకి శాశ్వతమైన రిజర్వేషన్లు రాసిచ్చారు. ఇదంతా దిబాజిమొవిన్. ఎండాకాలం చెప్పుకోవచ్చు. చెప్పుకోవాలి.

చరిత్ర, భాష కలిసి ఎంత పని చేస్తాయో చూపించే సంఘటన ఇంకొకటి, నాకు అన్నిటికంటే ఇష్టమైనది. 1837 జులైలో ఫోర్ట్ స్నెల్లింగ్ దగ్గర, అంటే మన వాళ్ళందరూ సూట్‌కేసుల నిండా ఆవకాయతో దిగే ఎయిర్‌పోర్టు పక్కనే, ఒప్పందం కోసం సమావేశం జరిగింది. ప్రభుత్వానికి కావలసింది పైన్ కలప. మాజిగాబావ్ అనే నాయకుడు లేచి, బల్ల మీద పరిచిన మ్యాపు పక్కన ఒక ఓక్ రెమ్మ పెట్టాడు. మీకిచ్చే నేలలో మా బతుకుతెరువు చెట్టుని మేం ఉంచుకుంటాం, ఇది మీరడిగే చెట్టు కాదు, వేరేది అన్నాడు. రాసుకుంటున్న గుమస్తాకి ఆ అనువాదం అర్థం కాలేదు. అతను చేసిన మంచి పని ఒక్కటే, ఆ ఒజిబ్వే వాక్యాన్ని విన్నది విన్నట్టు తనకొచ్చిన స్పెల్లింగులో రాసి పెట్టాడు. పక్కన ఇంకో ముక్క కూడా రాశాడు: ఇది అర్థం లేని మాట, అనువాదకులు ఆ పనికి తగినవాళ్ళు కాదు, వేట, చేపలు, మేపుల్ చక్కెర హక్కు ఉంచుకుంటామని వీళ్ళ ఉద్దేశం కాబోలు అని.

ఆ కాగితం నూట అరవై ఏళ్ళ తర్వాత పనికొచ్చింది. ఒప్పందం మీద సంతకం పెట్టినప్పుడు ఆ జాతివాళ్ళకి ఏం అర్థమైంది అన్నదే ఇక్కడి కోర్టుల్లో కొలమానం. మినెసోటాలోని మిలి లాక్స్ ఒజిబ్వేల కేసులో చరిత్రకారులూ, భాషా నిపుణులూ ఈ పాత కాగితాలన్నీ తవ్వి వాదించారు. 1999 మార్చిలో సుప్రీం కోర్టు 5-4తో వాళ్ళ వేట, చేపల హక్కులు ఇంకా ఉన్నాయని తీర్పు చెప్పింది. ఒక ఓట్ తేడా! ఆ గుమస్తా ఆ రోజు బద్ధకించి ఉంటే? ఇంకో ప్రశ్న, ఆ వాక్యం చదివి అర్థం చెప్పగలిగిన ఒజిబ్వే మాట్లాడేవాళ్ళు 1990ల నాటికి మిగిలి లేకపోతే? కాగితం ఉండేది, నోరు ఉండేది కాదు. అందుకే భాష సంస్కృతి కోసమే అంటే నాకు ఒళ్ళు మండుతుంది. అది పట్టా కాగితం లాంటిది.

కాబట్టి నేను దాచడానికి వ్యతిరేకం కాదు. ఎవరు దాస్తున్నారు, తాళం ఎవరి చేతిలో ఉంది అన్నదే నా పేచీ. యూనివర్సిటీ ఆఫ్ మినెసోటా వాళ్ళ ఒజిబ్వే పీపుల్స్ డిక్షనరీ ఆన్‌లైన్‌లో ఉచితంగా ఉంది. ఒక మాట వెతికితే పక్కన చిన్న స్పీకర్ గుర్తు ఉంటుంది, నొక్కితే ఒక పెద్దాయనో పెద్దావిడో ఆ మాట పలుకుతారు. ఎవరి గొంతో పేరుంటుంది, ఏ ఊరి యాసో ఉంటుంది. తెలిసి, ఒప్పుకుని, మైకు ముందు కూర్చుని ఇచ్చిన గొంతులవి. నేను వంట చేసుకుంటూ వింటాను. ఉచితం, అందరిదీ, అయినా ఎవరూ ఎత్తుకుపోయినట్టు అనిపించదు. అది గీనవింద్.

దానికి ఇంకోవైపు, 2022లో పక్కనున్న లకోటా అనే ఇంకో జాతి వాళ్ళ దగ్గర జరిగిన గొడవ. బయటి భాషా సంస్థ ఒకటి ఏళ్ళ తరబడి పెద్దవాళ్ళ గొంతులు రికార్డు చేసి, పుస్తకాలు వేసి, హక్కులు తమ పేర రాసుకుంది. తన నానమ్మ మాటలు తనే కొనుక్కోవాలా అని ఆ జాతి మనిషి అడిగేదాకా వచ్చి, వాళ్ళ స్టాండింగ్ రాక్ రిజర్వేషన్ కౌన్సిల్ ఆ సంస్థని తమ నేల మీద అడుగు పెట్టవద్దంది. కెనడాలో ఆదిమ జాతులు 1998లోనే ఒక సూత్రం రాసుకున్నారు, మా సమాచారానికి సొంతదారులం మేమే, అదుపు మాదే, ఎవరు చూడాలో చెప్పేదీ, దగ్గర పెట్టుకునేదీ మేమే అని. అప్పట్లో ఇది అతి అనిపించి ఉండొచ్చు. ఈ మధ్య మా ఆఫీసులో ఒక కుర్రాడు, మంచివాడే, నేను ఒజిబ్వే నేర్చుకుంటున్నానని విని, "నెట్‌లో ఉన్న ఆడియో అంతా గుంజేసి ఒక ఏఐ మోడల్ ట్రెయిన్ చేద్దామక్కా, వీకెండ్ పని" అన్నాడు. నేను జులైలో బోర్లా పెట్టిన ఫోనే కనిపించింది. ఎవరి కోసం, అని అడిగాను. "అందరి కోసం" అన్నాడు.

అసలు పని జరిగేది వేరే చోట. విస్కాన్సిన్‌లో హేవర్డ్ దగ్గర లాక్ కోర్ట్ ఓరెయ్ రిజర్వేషన్‌లో వాదోకొదాదింగ్ అని ఒక బడి ఉంది, 'ఒకరికొకరు సాయం చేసుకునే చోటు' అని అర్థం, 2000లో మొదలుపెట్టారు. లెక్కలు, సైన్సు అన్నీ ఒజిబ్వేలోనే. వసంతంలో పిల్లలు మేపుల్ చెట్ల దగ్గరకి వెళ్ళి పాకం కాస్తారు, ఆ పనికి మాటలు ఆ పనిలోనే వస్తాయి. ఇలాంటి చోట మొదటి తరం టీచర్లు చాలామంది ఈ భాషని పెద్దయ్యాక నేర్చుకున్నవాళ్ళే, అందుకే వాళ్ళకి డిక్షనరీ కావాలి, పాత రికార్డింగులు కావాలి, పక్కన ఒక ముసలాయన కూడా కావాలి. సర్వర్లు ఎన్నైనా కొనుక్కోవచ్చు. పాకం పొంగుతున్నప్పుడు ఒక ఆరేళ్ళ పిల్లని ఒజిబ్వేలో కసిరే మనిషి దొరకడం కష్టం.

మనకి ఇందులో చెప్పుకోడానికి ఏముంది అని అడిగేవాళ్ళు ఉంటారు. మనకీ బ్రౌన్ దొర ఉన్నాడు. ఆయన తెలుగు నిఘంటువూ, బరగా అనే బిషప్ రాసిన ఒజిబ్వే నిఘంటువూ 1850ల మొదట్లో ఇంచుమించు ఒకేసారి అచ్చయ్యాయి. బ్రౌన్‌కి మనం విగ్రహాలు పెట్టుకున్నాం, తప్పు లేదు, కానీ మన నోళ్ళు మూయించిన బడులు మనకి లేవు, అందుకే ఆయన్ని అంత ధీమాగా ప్రేమించగలం. తెలుగువాళ్ళం ఒజిబ్వేల పక్కన కాదు, చాలాసార్లు ఆ గుమస్తా పక్కన కూర్చుంటాం. ఆదిలాబాద్ జిల్లా గుంజాల ఊళ్ళో గోండులు తమ లిపిలో రాసుకున్న ప్రతులు ఈ శతాబ్దం మొదట్లో బయటి పండితుల కంటపడితే, 'దొరికాయి' అని పేపర్లలో రాశాం. వాళ్ళ దగ్గర ఉన్నవి దొరకడం ఏమిటి? సవర పిల్లలు తెలుగు బడికి వచ్చి నోరు మూసుకుని కూర్చుంటారని గమనించి, ముందు తను సవర నేర్చుకుని, వాళ్ళ భాషలో వాచకాలు రాసిన గిడుగు రామమూర్తి గారు మాత్రం ఆ కాలానికి వేరే రకం మనిషి. ఆయన్ని మనం వ్యావహారిక భాష కోసం తలుచుకుంటాం, సవర సంగతి ఒక వాక్యంలో దాటేస్తాం.

ఇక నా సొంత గొడవ. మా అమ్మమ్మది పలాస దగ్గర పల్లె. దంపుడు పాటలు ఆవిడకి వచ్చినన్ని ఆ చుట్టుపక్కల ఎవరికీ రావనేవారు. 1996లో మా మావయ్య ఒక క్యాసెట్ మీద రికార్డు చేశాడు, వెనకాల కోడిపుంజు, మధ్యలో ఎవరో నీళ్ళడగడం, అన్నీ ఉంటాయి. లాక్‌డౌన్‌లో నేను దాన్ని డిజిటల్ చేయించి యూట్యూబ్‌లో పెట్టాను, ఎంతో పుణ్యం చేసినట్టు. వారానికి అమ్మ ఫోన్ చేసింది, గొంతు బాలేదు. క్యాసెట్ చివర అమ్మమ్మ పాడటం ఆపేసి, పక్కనున్న ఆడవాళ్ళతో, పుట్టి పోయిన తన మొదటి బిడ్డ గురించి మాట్లాడుతుంది, పేరు పెట్టి పిలుస్తుంది. రికార్డర్ ఇంకా తిరుగుతోందని ఆవిడకి తెలీదు. నేను అంత దూరం వినలేదు. "మన పాటలే కదమ్మా, పదిమంది వింటారని" అన్నాను. "పాటలు మనవే. చివరిది మా మాట" అంది అమ్మ.

అప్పుడు నాకు కోపమే వచ్చింది. వీడియో ప్రైవేట్‌లో పెట్టి ఊరుకున్నాను. మా, మన. తెలుగులో పుట్టి, ఆ రెండిటి తేడా తెలుసుకోడానికి నేను ఫ్రాంక్లిన్ ఎవెన్యూ దాకా పోవాల్సి వచ్చింది.

మంచు పడ్డాక వెళ్ళాను, జనవరిలో, బయట మైనస్ ఇరవై. ఆవిడ కథ చెప్పింది, గంట పైనే. అది ఇక్కడ రాయను. తర్వాత వారం నన్ను తిరిగి చెప్పమంది, నేను వచ్చీరాని ముక్కలు ఇంగ్లీషుతో అతికించి చెప్తుంటే, ఒకచోట నానబోజోని పొరపాటున ప్రాణం లేని జాతిలో పడేశానట, టేబుల్ అంతా నవ్వింది. ఎవరూ రికార్డు చెయ్యలేదు, బతికిపోయాను.

పోయిన డిసెంబరులో పలాస వెళ్ళినప్పుడు అమ్మని పక్కన కూర్చోబెట్టుకుని క్యాసెట్ మొత్తం వినిపించాను. కళ్ళద్దాలు తీసి ఒళ్ళో పెట్టుకుని వింది. 31 నిమిషాల 40 సెకన్ల దగ్గర "ఇక్కడ ఆపు" అంది. అక్కడి దాకా అందరికీ. మిగతాది నాలుగు పెన్ డ్రైవుల్లో వేసి పిన్నులకి పంచమంది, పంచాను. పెద్ద పిన్ని మాత్రం ఒప్పుకోవట్లేదు, ఆ బిడ్డని తనకి తెలియకుండా ఇన్నాళ్ళు దాచారని, మొత్తం పెట్టేయమని పట్టుబడుతోంది, ఫ్యామిలీ గ్రూపులో అమ్మకీ పిన్నికీ నెల రోజులుగా నడుస్తోంది. వీడియో ఇంకా ప్రైవేట్‌లోనే ఉంది.